2205 డ్యూప్లెక్స్ స్టీల్‌లో సిగ్మా ఫేజ్: ఒక హీట్‌ట్రీట్‌మెంట్ షాపు ప్రాజెక్టు డైరీ

డ్యూప్లెక్స్ స్టెయిన్‌లెస్ స్టీల్‌ను వేడి చేసి చల్లార్చే పనిని చిన్న షాపుల్లో చేసేవారికి ఈ కొలతలు పనికొస్తాయని ఈ డైరీ రాస్తున్నాను. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల పరిశ్రమకు పంపులు, కవాటాలు చేసి ఇచ్చే షాపులకు 2205 గ్రేడు కొత్తది కాదు. అయితే ఆ షాపుల్లో ఎక్కువ భాగం దాన్ని మామూలు స్టెయిన్‌లెస్ రకమైన 316 గ్రేడుతో సమానంగా చూస్తూ, అదే ఫర్నేస్‌లో, అదే తొట్టిలో, అదే తీరున పని ముగించడం నేను చూస్తూనే ఉన్నాను.

ఘట్టం 1: సమస్య, లోహం

200 మి.మీ. వ్యాసం, 300 మి.మీ. పొడవు ఉన్న ఫోర్జింగ్ దిమ్మలు సొల్యూషన్ ఎనీలింగ్ (బాగా వేడి చేసి, లోపలి అవాంఛిత పదార్థాలను లోహంలో కరిగించి, వేగంగా చల్లార్చడం) పూర్తి చేసుకుని లేత్ మీదికి వెళ్లాయి. రసాయన విశ్లేషణ సరిగ్గానే ఉంది, కాఠిన్యం పరిమితిలోనే ఉంది, విడిగా తీసిన నమూనాలో ఇంపాక్ట్ విలువ (దెబ్బకు విరిగేటప్పుడు లోహం పీల్చుకునే శక్తి) కూడా బాగానే వచ్చింది. నడిమధ్య రంధ్రం వేస్తున్నప్పుడు మాత్రం ఒక దిమ్మలో రంధ్రపు అంచు పెచ్చులుగా ఊడింది. 2205 సాగే గుణమున్న లోహం, డ్రిల్లు కింద పొడవాటి తీగల్లా చిప్స్ ఇవ్వవలసిన లోహం. అంచు ఊడిందంటే లోపల పెళుసు పదార్థం ఏర్పడిందన్న అనుమానం సహజంగానే వచ్చింది.

దిమ్మల విశ్లేషణ: క్రోమియం 22.4, నికెల్ 5.7, మాలిబ్డినం 3.1, నత్రజని 0.17, కార్బన్ 0.02 శాతం. సరైన స్థితిలో ఈ లోహం సుమారు సగం ఫెర్రైట్, సగం ఆస్టెనైట్‌గా (పరమాణువుల అమరిక వేరైన రెండు రకాల రేణువులుగా) ఉంటుంది. 600 నుంచి 1,000 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కువ సేపు నిలిస్తే ఫెర్రైట్ విడిపోయి సిగ్మా ఫేజ్ అనే గట్టి, పెళుసు పదార్థంగానూ కొత్త ఆస్టెనైట్‌గానూ మారుతుంది. 850 డిగ్రీల చుట్టుపక్కల ఈ మార్పు అన్నిటికంటే వేగంగా సాగుతుంది. ఇనుము, క్రోమియం, నికెల్ మిశ్రమాల్లో ఈ పెళుసు పదార్థాన్ని బెయిన్, గ్రిఫిత్స్ 1927లోనే నివేదించారు. దానిలో క్రోమియం, మాలిబ్డినం ఎక్కువగా పోగుపడతాయి కాబట్టి చుట్టూ ఉన్న లోహం ఆ మేరకు పేదదవుతుంది. అందువల్ల పెళుసుదనంతో పాటు క్లోరైడ్ ద్రవాల్లో గుంటలు పడే ముప్పు కూడా పెరుగుతుంది.

తేల్చవలసినవి రెండు. ఎంత సిగ్మా ఏర్పడితే లోహం ఎంత పెళుసవుతుంది, దాన్ని మా దగ్గరున్న పరికరాల్లో ఏది పట్టుకోగలదు? దిమ్మ నడిమధ్యన అది ఎక్కడ, ఎప్పుడు ఏర్పడుతోంది?

ఘట్టం 2: ఫర్నేస్ అంకె, లోహపు అసలు వేడి

మొదటి ప్రశ్న కోసం అదే విశ్లేషణ వర్గానికి చెందిన 20 మి.మీ. ప్లేటు నుంచి 11×11×56 మి.మీ. ముక్కలు కోసి, అన్నిటినీ ముందుగా 1,060 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఉంచి నీటిలో చల్లార్చాము. తర్వాత వాటిని 850 డిగ్రీల వద్ద వేర్వేరు సమయాలు ఉంచాలన్నది పథకం. అరక్షరం తేడా లేకుండా సులువుగా జరగవలసిన ఈ పని మొదటి లోడులోనే చెడింది.

ఒక ముక్కకు పొడవునా 2 మి.మీ. రంధ్రం చేసి 1.5 మి.మీ. తొడుగున్న కె టైపు థర్మోకపుల్‌ను (వేడిని కొలిచే తీగను) దూర్చి, ఆరు ముక్కలను పింగాణీ పళ్లెంలో పెట్టి మఫిల్ ఫర్నేస్‌లోకి తోశాము. తలుపు మూసిన 4 నిమిషాలకు కంట్రోలర్ తిరిగి 850 చూపింది. అదే క్షణంలో ముక్క లోపల ఉన్నది 790 మాత్రమే. అది 845కు చేరడానికి మొత్తం 11 నిమిషాలు పట్టింది. అంటే కంట్రోలర్‌ను చూసి గడియారం నొక్కితే "3 నిమిషాల నమూనా" అనేది అసలు 850ని చూడనే లేదు, పైగా 700 నుంచి 845 దాకా నెమ్మదిగా పాకుతూ ఆ దారిలోనే కొంత అవపాతాన్ని (లోహంలో కొత్త పదార్థం విడిపడి పుట్టడాన్ని) మూటగట్టుకుంది. కంట్రోలర్ థర్మోకపుల్ వెనుక గోడకు, పైకప్పుకు దగ్గరగా వేలాడుతుంది. అది చెప్పేది గోడల కథ, ముక్కల కథ కాదు.

మార్చినవి:

1. 310 గ్రేడు స్టీల్‌తో చేసిన 40 మి.మీ. మందపు పలకను ఫర్నేస్‌లో ముందే పెట్టి, 850 వద్ద రెండు గంటలు నానబెట్టాము. ముక్కలను దాని మీద అడ్డంగా పరుస్తాము.
2. ఒక్కసారికి మూడు ముక్కలే. మధ్యలో 15 మి.మీ. ఎడం.
3. థర్మోకపుల్ ఉన్న డమ్మీ ముక్క ప్రతి లోడులోనూ ఉంటుంది. అది 840 దాటినప్పటి నుంచే సమయం లెక్క.
4. బయటకు తీసిన వెంటనే నీటిలోకి.

ఇప్పుడు 840కి చేరడానికి 4 నిమిషాల 20 సెకన్లు పడుతోంది. దీనికన్నా వేగం కావాలంటే ఉప్పు స్నానం (కరిగించిన ఉప్పు తొట్టి) ఉండాలి, మా దగ్గర అది లేదు. కాబట్టి 3 నిమిషాల నమూనాను సూచనగా మాత్రమే తీసుకోవాలి.

మొత్తం ఇప్పటివరకు: చార్పీ పరీక్షకు (గాటు పెట్టిన ముక్కను లోలకపు సుత్తితో విరిచే ఇంపాక్ట్ పరీక్ష) ముక్కలు 24 కోసి సిద్ధం, డమ్మీలు 2, విరిచినవి 0.

ఘట్టం 3: ఎచింగ్

డ్యూప్లెక్స్‌లో ఇలాంటి హానికర పదార్థాలను పట్టడానికి ఉన్న ఏఎస్‌టీఎం ఏ923 ప్రమాణంలో మూడు పద్ధతులున్నాయి: సోడియం హైడ్రాక్సైడ్‌తో ఎచింగ్ (పాలిష్ చేసిన ముఖానికి రసాయనంతో రంగు పట్టించడం) చేసి చూడటం, మైనస్ 40 డిగ్రీల వద్ద చార్పీ పరీక్ష, ఫెర్రిక్ క్లోరైడ్‌లో 24 గంటల తుప్పు పరీక్ష. మొదటిదానికి 100 మిల్లీలీటర్ల నీటిలో 40 గ్రాముల కాస్టిక్ సోడా కలిపి, 1 నుంచి 3 వోల్టుల మధ్య, 5 నుంచి 60 సెకన్ల దాకా విద్యుత్తు పంపాలి. సోడాను నీటిలో కొంచెం కొంచెంగా వేయాలి, నీటిని సోడా మీద ఎప్పుడూ పోయకూడదు. ద్రావణం బాగా వేడెక్కి చిమ్ముతుంది, కళ్లద్దాలు, గ్లౌజులు లేకుండా ఈ పని చేయకూడదు.

మొదటి వరుస నమూనాలన్నీ చెడిపోయాయి, మూడు కారణాలతో. కలిపిన వెంటనే ద్రావణం ఇంకా వేడిగా ఉండటం వల్ల 20 సెకన్లకే ఫెర్రైట్ ముదురు గోధుమ రంగుకు తిరిగింది, ఆ ముదురులో సిగ్మా ఉన్నా కనిపించదు. బేకలైట్‌లో బిగించిన నమూనాకు వెనుక నుంచి ఒత్తి పట్టిన తీగ కదలడంతో రంగు ఒక పక్కనే పట్టింది. ఇక 6 మైక్రాన్ల వజ్రపు పేస్టు వద్ద పాలిష్ ఆపిన నమూనాల మీద గీతల వెంట కమలా రంగు చారలు వచ్చాయి, ఇవి రేణువుల సరిహద్దు మీద సిగ్మా పేరుకుపోయినట్టే కనిపిస్తాయి. ఈ చారలు ప్రమాదకరమైనవి. చెడు లోహాన్ని మంచిదనుకోవడంతో సమానంగా, మంచి లోహాన్ని చెడ్డదని తిరస్కరించడం కూడా షాపుకు నష్టమే.

చివరకు నిలిచిన క్రమం:

1. 1,200 నంబరు దాకా ఎమెరీ, తర్వాత 6, 3, 1 మైక్రాన్ పేస్టు. 1 మైక్రాన్ వద్ద కనీసం నాలుగు నిమిషాలు.
2. బేకలైట్ వెనుక నుంచి రంధ్రం చేసి, మర తిప్పి, స్క్రూ బిగించి తీగ కలపడం.
3. గది వేడికి చల్లారిన తాజా ద్రావణం. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది కనుక పాతది పారబోయాలి.
4. 3 వోల్టులు, 12 సెకన్లు, నీటితో, తర్వాత స్పిరిటుతో కడగడం, వేడిగాలి.

ఇలా చేసినప్పుడు ఆస్టెనైట్ తెల్లగా, ఫెర్రైట్ లేత గోధుమ రంగులో, సిగ్మా ఎరుపు కలిసిన కమలా రంగులో విడివిడిగా కనిపిస్తాయి. 500 రెట్ల పెంపులో 30 నిమిషాల నమూనాను చూస్తే, ఫెర్రైట్, ఆస్టెనైట్ కలిసే సరిహద్దు మీద కమలా మచ్చలు పుట్టి, ఫెర్రైట్ లోపలికే వేళ్లలా చొచ్చుకుపోతాయి, ఆస్టెనైట్ వైపు ఒక్కటీ పోదు. ఫెర్రైట్‌లో క్రోమియం, మాలిబ్డినం ఎక్కువ, పైగా దానిలో పరమాణువులు ఆస్టెనైట్‌లో కంటే చాలా వేగంగా కదులుతాయి. రెండూ సిగ్మాకు కావలసినవే.

ఘట్టం 4: 850 డిగ్రీల వరుస

వేడి తర్వాత ప్రతి పక్కా అర మిల్లీమీటరు గ్రైండ్ చేసి 10×10కు తెచ్చి, నాచ్‌ను (గాటును) ఆ తర్వాతే కోశాము: లోతు 2 మి.మీ., కోణం 45 డిగ్రీలు, అడుగు వ్యాసార్థం 0.25 మి.మీ. నాచ్ ముందు కోస్తే దాని అడుగున ఆక్సైడ్ పొర పట్టి ఫలితం చెడుతుంది. స్పిరిట్, డ్రై ఐస్ కలిపిన తొట్టిలో మైనస్ 40 వద్ద పది నిమిషాలు ఉంచి, తీసిన 5 సెకన్ల లోపు విరిచాము. సిగ్మాను 100 బిందువుల వల వేసి 20 చోట్ల లెక్కించాము. ఫెర్రైట్‌ను అయస్కాంత పద్ధతి మీటరుతో చూశాము.

ఒక్కో స్థితికి మూడు ముక్కల సగటు ఇది (సమయం, సిగ్మా, విక్కర్స్ కాఠిన్యం, ఫెర్రైట్, ఇంపాక్ట్):

0 నిమిషాలు, కనిపించలేదు, 246, 49 శాతం, 210 జౌళ్లు
3 నిమిషాలు, కనిపించలేదు, 247, 48 శాతం, 190 జౌళ్లు
10 నిమిషాలు, 1 శాతం లోపు, 248, 47 శాతం, 72 జౌళ్లు
30 నిమిషాలు, 4.5 శాతం, 256, 42 శాతం, 17 జౌళ్లు
60 నిమిషాలు, 9 శాతం, 270, 35 శాతం, 8 జౌళ్లు
240 నిమిషాలు, 22 శాతం, 318, 16 శాతం, 4 జౌళ్లు

మొత్తం ఇప్పటివరకు: విరిచిన చార్పీ ముక్కలు 18.

ఈ పట్టికలోని మూడో, నాలుగో వరుసల కోసమే ఈ ప్రాజెక్టు అని నేను భావిస్తున్నాను. 10 నిమిషాలకు ఇంపాక్ట్ విలువ మూడో వంతుకు పడిపోయింది, కాఠిన్యం మాత్రం రెండు అంకెలు పెరిగింది. అదే ముక్క మీద అయిదు చోట్ల కొలిస్తే వచ్చే హెచ్చుతగ్గులే అంతకు మించి ఉంటాయి. 2205 ప్లేటుకు ఏఎస్‌టీఎం ఏ240 అనుమతించే గరిష్ఠ కాఠిన్యం 293 బ్రినెల్ (విక్కర్స్‌కు దగ్గరగా ఉండే మరో కొలమానం). 30 నిమిషాల ముక్క, 60 నిమిషాల ముక్క రెండూ ఆ గీత కింద హాయిగా నిలుస్తాయి, కానీ ఏ923 బేస్ మెటల్‌కు (వెల్డు కాని అసలు లోహానికి) కోరే 54 జౌళ్లలో అవి ఇచ్చినవి 17, 8. సిగ్మా స్వయంగా చాలా గట్టిది, అయినా నాలుగైదు శాతం మాత్రమే ఉన్నప్పుడు గుర్తు కింద నలిగే లోహంలో మిగతా భాగమంతా మెత్తనిదే కనుక కాఠిన్య యంత్రానికి అది తెలియదు. పగులుకు అలా కాదు. రేణువుల సరిహద్దుల వెంట పేర్చిన పెళుసు మచ్చలే దానికి దారి. కాబట్టి డ్యూప్లెక్స్ పనికి కాఠిన్యపు సర్టిఫికెట్ ఒక్కటే చూసి సరుకు వదలడాన్ని షాపులు మానుకోవాలి.

అయస్కాంత మీటరు కొంత మెరుగు. ఫెర్రైట్ అయస్కాంతానికి అంటుతుంది, సిగ్మా అంటదు. పైగా ఒక వంతు సిగ్మా ఏర్పడినప్పుడు ఆ పక్కనే కొంత ఫెర్రైట్ ఆస్టెనైట్‌గా కూడా మారుతుంది కనుక, పడిపోయే అంకె సిగ్మా శాతం కంటే పెద్దది. 240 నిమిషాల వద్ద 22 శాతం సిగ్మాకు ఫెర్రైట్ 33 తగ్గింది. అయితే ఒకే ప్లేటులో ఒక చోటికీ మరో చోటికీ 2, 3 శాతం తేడా మామూలే కాబట్టి, 10 నిమిషాల స్థితిని ఇది కూడా పట్టలేదు.

విరిగిన ముఖాలను పక్కపక్కన పెట్టి చూడటం ఎంతో నేర్పుతుంది. 0 నిమిషాల ముక్కలు పూర్తిగా రెండుగా విడిపోలేదు. బూడిద రంగులో, పీచుపీచుగా, పక్కలు లోపలికి పీక్కుపోయి, వంగి, మడతలో ఒక పొర అతుక్కునే ఉంది. 30 నిమిషాల ముక్కలు సుద్దముక్కలా విరిగాయి: అంచులు చతురస్రంగా నిలిచాయి, ముఖం చదును, దీపం కింద తిప్పితే చిన్న చిన్న మెరుపులు.

10 నిమిషాల ముక్కలో 1 శాతం కూడా లేని పదార్థం ఇంత నష్టం చేయడం అర్థం కావాలంటే లైట్ మైక్రోస్కోప్ చాలలేదు. బయటి ప్రయోగశాలలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద, వెనక్కు చెదిరే ఎలక్ట్రాన్లతో చూసినప్పుడు, ఫెర్రైట్, ఫెర్రైట్ సరిహద్దుల మీద ధగధగమనే తెల్లని చుక్కలు కనిపించాయి. అది కై ఫేజ్. దానిలో మాలిబ్డినం సిగ్మాలో కంటే ఎక్కువ కాబట్టి ఈ చిత్రంలో మరింత కాంతివంతంగా వస్తుంది. ముందుగా పుట్టి, తర్వాత సిగ్మా పెరిగేటప్పుడు దానిలో కరిగిపోతుంది. 60 నిమిషాల నమూనాలో అలాంటి చుక్కలు చాలా అరుదుగా మిగిలాయి.

ఘట్టం 5: పోయిన గుణం తిరిగి వస్తుందా

మిగిలిన ఆరు ముక్కలను 850 వద్ద 240 నిమిషాలు ఉంచి, అంటే 22 శాతం సిగ్మా చేసి, తిరిగి వేడి చేశాము.

960 వద్ద 30 నిమిషాలు, నీరు: సగటు 19 జౌళ్లు. ఎచింగ్‌లో గుండ్రని అంచులున్న సిగ్మా ముద్దలు మిగిలాయి.
1,060 వద్ద 30 నిమిషాలు, నీరు: సగటు 196 జౌళ్లు. ఎచింగ్ శుభ్రం.

మొత్తం ఇప్పటివరకు: విరిచిన ముక్కలు 24.

అంటే చెడిన దిమ్మ పారేయవలసినది కాదు, వేడి నిజంగా నడిమధ్య దాకా చేరితే. అలాగని వేడిని ఇష్టం వచ్చినట్టు పెంచడమూ సరికాదు. 1,100 దాటిన కొద్దీ ఫెర్రైట్ వాటా పెరుగుతుంది, దానిలో కరిగిన నత్రజని చల్లారేటప్పుడు బయటికి పోయే వ్యవధి లేక ఫెర్రైట్ రేణువు లోపలే క్రోమియం నైట్రైడ్ సూదులుగా దిగుతుంది. ఒక చెడును తప్పించబోయి ఇంకో చెడును కొనుక్కోవడమే అవుతుంది. అందుకే 1,060 దగ్గరే నిలిచాము.

ఘట్టం 6: 200 మి.మీ. దిమ్మ

ఇప్పుడు రెండో ప్రశ్న. దిమ్మ ఒక చివర నుంచి అక్షం వెంట 150 మి.మీ. లోతుకు రంధ్రం చేసి ఎన్ టైపు థర్మోకపుల్ పెట్టాము. 1,000 దాటిన పనిలో కె టైపు కంటే ఇది నిలకడగా ఉంటుంది. దిమ్మలను ఇంతకుముందు ఎలా నడిపేవారో అలాగే మొదట నడిపాము: మూడు దిమ్మలు ఒకదానికొకటి ఆనించి పేర్చి, కంట్రోలర్ 1,060 చూపినప్పటి నుంచి గంట లెక్కపెట్టి, కొక్కెంతో ఎత్తి, కదలని నీటిలో ముంచడం.

మధ్య దిమ్మ గర్భంలో కొలతలు:

కంట్రోలర్ 1,060 చూపిన క్షణాన: 860
గంట ముగిసేసరికి: 985
తలుపు తెరిచి నీటిలో మునిగేదాకా: 100 సెకన్లు
950 నుంచి 700 దాకా పడటానికి: 5 నిమిషాల 20 సెకన్లు

ఫోర్జింగ్ తర్వాత ఈ దిమ్మలు గాలిలో నెమ్మదిగా చల్లారాయి కనుక గర్భంలో సిగ్మా అప్పటికే ఉంది. 985 వద్ద కొద్ది నిమిషాలు మాత్రమే గడిపిన గర్భం, అందులోనూ మాలిబ్డినం పోగుపడిన నడిమి పట్టీ, దాన్ని పూర్తిగా కరిగించుకోలేదు. ఆ తర్వాత నెమ్మదిగా చల్లారడంతో కొత్తది మళ్లీ పుట్టింది. ఎచింగ్‌లో ఈ రెండు తరాలూ వేరుగానే కనిపించాయి: 960 డిగ్రీల ముక్కల్లో చూసిన గుండ్రని ముద్దలు కొన్ని, సరిహద్దుల మీద సన్నని కొత్త చుక్కలు కొన్ని.

దిమ్మను నిలువునా కోసి చార్పీ ముక్కలు తీశాము.

ఉపరితలానికి 20 మి.మీ. లోపల: 161, 175, 168, సగటు 168 జౌళ్లు
అక్షం పక్కన: 38, 44, 29, సగటు 37 జౌళ్లు

ఒకే దిమ్మ, ఒకే లోడు. పరీక్షకు విడిగా పంపిన చిన్న నమూనా ఎందుకు దాటిందో, రంధ్రపు అంచు ఎందుకు ఊడిందో ఈ రెండు వరుసలే చెబుతున్నాయి. దిమ్మతో పాటు ఫర్నేస్‌లో పెట్టిన 25 మి.మీ. పరీక్ష ముక్క దిమ్మ గర్భానికి ప్రతినిధి కాలేదు. అది ముందే వేడెక్కుతుంది, ముందే చల్లారుతుంది. నమూనా ఎక్కడి నుంచి తీయాలో కొనుగోలు పత్రంలోనే రాయించుకోవడం మంచిది.

ఘట్టం 7: మార్చిన పద్ధతి

1. దిమ్మల మధ్య కనీసం 100 మి.మీ. ఎడం, అడుగున ఆధారాలు పెట్టి నేల నుంచి ఎత్తు.
2. ఒక దిమ్మలో థర్మోకపుల్. గర్భం 1,050 దాటిన తర్వాతే 45 నిమిషాల లెక్క మొదలు.
3. తొట్టిని ఫర్నేస్ ముందుకు జరిపాము. తలుపు నుంచి నీటికి 35 సెకన్లు.
4. తొట్టి అడుగున పంపుతో నీటిని తిప్పడం, దిమ్మ చుట్టూ ఆవిరి పొర నిలవకుండా.
5. ఒక్కో దిమ్మ విడిగా మునగాలి. నీటి వేడి 40 డిగ్రీలు దాటితే తర్వాతి దిమ్మ ఆగాలి.

ఫలితం: గర్భం 950 నుంచి 700కు 2 నిమిషాల 45 సెకన్లలో దిగింది. అక్షం పక్కన ఇంపాక్ట్ 110, 131, 122. సగటు 121 జౌళ్లు. ఎచింగ్‌లో గుండ్రని ముద్దలు లేవు. నడిమి పట్టీలో అక్కడక్కడ సన్నని చుక్కలు ఇంకా ఉన్నాయి. ఈ మందానికి నీటిని ఎంత తిప్పినా వేడి లోపలి నుంచి బయటికి రావడానికి లోహం తన సమయం తాను తీసుకుంటుంది, కాబట్టి ఇంతకంటే మందమైన దిమ్మలకు ముందే రంధ్రం వేసి, గోడ మందం తగ్గించి, ఆ తర్వాత ఎనీలింగ్ చేయాలని నిర్ణయించాము.

ఈ మధ్యలో ఒక కోరిక వచ్చింది: కార్బన్ స్టీల్‌తో వెల్డు చేసిన 2205 భాగానికి 620 వద్ద స్ట్రెస్ రిలీవింగ్ (లోపలి ఒత్తిళ్లు తగ్గించేలా వేడి చేయడం) చేయమని. గంటల తరబడి ఆ వేడిలో ఉంచడం సిగ్మా పరిధిలో ఉంచడమే కాబట్టి ఒప్పుకోలేదు. ఇంకా కిందికి, 475 దగ్గరకు, దిగినా లాభం లేదు, అక్కడ ఫెర్రైట్ మరో రకంగా పెళుసవుతుంది.

మొత్తం ఇప్పటివరకు: విరిచిన చార్పీ ముక్కలు 33, కోసిన దిమ్మలు 2, మిగిలిన దిమ్మలన్నీ కొత్త పద్ధతిలో తిరిగి ఎనీలింగ్‌కు వెళ్లాయి. వాటిలో ప్రతి లోడు నుంచి ఒక దిమ్మ చివర 40 మి.మీ. అదనపు పొడవు వదిలి, చల్లారిన తర్వాత ఆ ముక్కను కోసి, కోసిన ముఖపు నడిమధ్య నుంచి ఎచింగ్ నమూనా తీస్తున్నాము. తదుపరి వరుస 2507 సూపర్ డ్యూప్లెక్స్ మీద. దానిలో క్రోమియం, మాలిబ్డినం ఎక్కువ కావడంతో సిగ్మా ఇంకా వేగంగా వస్తుంది, కనుక 850 వద్ద సమయాలు 1, 2, 5, 10 నిమిషాలుగా పెట్టుకున్నాము, దానికి సరిపోయేలా చార్పీ ముక్కల స్థానంలో 3 మి.మీ. మందపు పలుచని ముక్కలతో ఎచింగ్ వరకే ముందు చేస్తాము.